పొద్దున లేచి చూస్తే చేపలు తేలుతున్నాయి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ. రాత్రి బాగున్న చేపలు తెల్లారేసరికి పోయాయి, ఏం మందు వేయాలి అని. మందు సంగతి తర్వాత చూద్దాం. కర్నూలులో ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లో చేపలు పెంచుతున్నాను, నా తొట్టిలోనూ చాలా పోయాయి, వాటిలో రోగం వచ్చి పోయినవి తక్కువ, నీళ్లు చెడి పోయినవి ఎక్కువ. అందుకే ఎవరు రాసినా ముందు మూడు సంగతులు అడుగుతాను: ఏ చేప ముందు పోయింది, ఏ వేళకు పోయింది, దానికి ముందు రెండు మూడు రోజుల్లో ఆ తొట్టికి మీరు ఏం చేశారు. ఈ మూడూ వివరంగా రాసినవారి ఉత్తరాలే ఈసారి తీసుకున్నాను.

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. రెండడుగుల తొట్టిలో ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు ఏడాదిగా ఉన్నాయి. నీళ్లు పచ్చబడ్డాయని ఆదివారం మా వారు తొట్టంతా ఖాళీ చేసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి కొళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడిగి, మున్సిపల్ నీళ్లు పట్టి చేపల్ని వేశారు. కాసేపటికే అవి పిచ్చిగా ఈదుతూ గాజుకు కొట్టుకున్నాయి, తర్వాత పైకొచ్చి నోళ్లు తెరిచాయి. తెల్లారేసరికి మూడు పోయాయి. షాపులో నీలం మందు ఇస్తే వేశాం. బుధ, గురువారాల్లో ఇంకో రెండు పోయాయి. మిగిలిన మూడు అడుగున కూర్చున్నాయి, తిండి ముట్టడం లేదు. మా పాప తొట్టి దగ్గరి నుంచి లేవడం లేదు. ఇంకేం మందు వేయాలి?

జవాబు: అమ్మా, ఇంకే మందూ వేయొద్దు. మీ చేపలకు రోగం లేదు. వాటికి రెండు దెబ్బలు ఒకదాని వెనక ఒకటి తగిలాయి, రెండూ వేరు వేరు, రెండోది ఇంకా నడుస్తోంది. అందుకే ఈ ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ఆదివారం రాత్రి పోయిన మూడింటినీ చంపింది క్లోరిన్. కొళాయి నీళ్లలో మనం తాగడానికి భయం లేని క్లోరిన్ కూడా చేప మొప్పకు చాలా ఎక్కువ. మనం ఆ నీళ్లు మింగుతాం, చేప వాటిలోనే ఊపిరి తీస్తుంది, మొప్ప పొర మీదుగా క్షణక్షణం పోతూ ఉంటాయి, పొర కాలిపోతుంది. వేసిన కాసేపటికే పిచ్చిగా ఈదడం, ఎగరబోవడం, ఆ తర్వాత పైన నోరు తెరవడం దాని గుర్తులే. వానాకాలం తుంగభద్ర ఎర్రగా బురదతో వస్తుంది, అప్పుడు శుద్ధి చేసేచోట పటిక, క్లోరిన్ మోతాదు పెంచడం మామూలే, అది ప్రజల ఆరోగ్యం కోసం చేసేది, చేయాల్సిందే. కానీ నిరుడంతా అవే కొళాయి నీళ్లు పోసినా ఏం కాలేదే అనుకునేవాళ్లు ఇది గమనించాలి. అదే కొళాయి అయినా నీళ్లు ప్రతి వారం ఒకేలా ఉండవు. పైగా ఇదివరకు మీరు ఒకటి రెండు బకెట్లు మార్చి ఉంటారు, ఈసారి మొత్తం మార్చారు.

బుధ, గురువారాల్లో పోయినవాటిని క్లోరిన్ చంపలేదు. క్లోరిన్ చంపేది ఆ రోజే, మహా అయితే మర్నాడు. వీటిని చంపింది అమ్మోనియా. చేప మొప్పల నుంచీ, దాని పెంట నుంచీ, మిగిలిపోయిన తిండి నుంచీ ఎప్పుడూ అమ్మోనియా వస్తూనే ఉంటుంది, అది విషం. నడుస్తున్న తొట్టిలో దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, దీనివల్ల పెద్ద హాని లేదు, వారం వారం నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో ఉండేది కొద్దిగానే, ఎక్కువగా స్పాంజి మీద, రాళ్ల మీద అంటుకుని ఉంటుంది. స్పాంజిని వేళ్లతో నలిపితే జిగురుగా గోధుమరంగు మడ్డి వస్తుంది చూశారా, అది మురికిలా కనిపిస్తుంది, కానీ తొట్టికి ప్రాణం అదే. మీ వారు దాన్ని క్లోరిన్ నీళ్ల కింద తెల్లగా అయ్యేదాకా కడిగారు. అంటే ఏడాది పాత తొట్టి ఒక్క పూటలో కొత్త తొట్టి అయిపోయింది, అందులో ఎనిమిది పెద్ద చేపలు. ఆ బ్యాక్టీరియా మళ్లీ నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆయన్ని ఏమీ అనకండి. నా మొదటి తొట్టికి నేనూ ఇదే చేశాను, పండక్కి ఇల్లు కడుగుతూ అదీ కడిగాను, వారంలో ఐదు ఏంజెల్ చేపలు పోయాయి. కారణం తెలియక ఆ వారమంతా మందులు మార్చి మార్చి వేశాను. ఇప్పటికీ స్పాంజి చేతిలోకి తీసుకుంటే అవే గుర్తొస్తాయి.

మన నీళ్లతో ఇంకో ఇబ్బంది ఉంది. నీళ్లు క్షారంగా ఉండే కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే అంకె పీహెచ్, అది 7 నుంచి 8కి పెరిగితే విషంగా పనిచేసే అమ్మోనియా భాగం దాదాపు పదింతలు అవుతుంది. సున్నపురాయి నేలల్లో బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉండటం కొత్తేమీ కాదు. అందుకే ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్ల ఊళ్లలో చేపలు తట్టుకున్న పొరపాటు మన దగ్గర ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. మీది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి అనుకుంటే సెంటీమీటర్లలో 60ని 30తో, మళ్లీ 30తో గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు 45 లీటర్లు. ఏ మందుకైనా ఈ అంకె రాసి పెట్టుకోండి, కంటి అంచనాతో వేయకండి. ఈ రోజు నుంచి కనీసం పది రోజులు రోజూ ఒక బకెట్టు, అంటే 11 లీటర్లు తీసి కొత్తవి పోయండి. ఆ కొత్త నీళ్లను ముందు రోజే బకెట్లో పట్టి, ఎయిర్ స్టోన్ (పంప్ గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఇరవై నాలుగు గంటలు వదిలితే క్లోరిన్ పోతుంది. ఈ రోజే పోయాలి కాబట్టి షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు తెచ్చుకోండి, చాలావరకు అందులో ఉండేది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, అది నిమిషాల్లో పని చేస్తుంది. కానీ అది అమ్మోనియాను ఏమీ చేయదు, బకెట్టు మార్చాల్సిందే.

తిండి మూడు రోజులు పూర్తిగా మానేయండి. పాపకు చెప్పండి, గోల్డ్‌ఫిష్ వారం తినకపోయినా ఏమీ కాదు, తిండి వేస్తేనే ఇప్పుడు దానికి కీడు. ఆ తర్వాత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. లీటరుకు ఒక గ్రాము లెక్కన 45 గ్రాముల కల్లుప్పు ఒక చెంబు నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా పోయండి. ఇది మందు కాదు, నైట్రైట్ చేప రక్తంలోకి పోకుండా ఉప్పులోని క్లోరైడ్ అడ్డుకుంటుంది. బకెట్టు మార్చినప్పుడల్లా ఆ బకెట్టుకు 11 గ్రాములు కలపండి. ఎయిర్ పంప్ రాత్రింబవళ్లు నడవాలి.

తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే వాళ్ల ఫిల్టర్‌లోని పాత స్పాంజి ముక్క అడిగి తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. మార్కెట్లో దొరికే ఏ సీసా కంటే కూడా నేను దీన్నే నమ్ముతాను. అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కల కిట్ ఒకటి కొనండి, రెండూ సున్నా చూపించేదాకా బకెట్టు ఆపొద్దు.

ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ. దానికి దాని పని ఉంది, గుడ్లకు బూజు పట్టకుండా వాడతాం. తొట్టిలో వేస్తే కొత్తగా పుట్టుకొస్తున్న బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఎప్పుడైనా వాడాల్సి వస్తే వేరే టబ్బులో. ఇప్పుడున్న నీలం రోజూ బకెట్టు మార్చే కొద్దీ పోతుంది, కంగారుపడి మళ్లీ తొట్టి ఖాళీ చేయకండి.

మొదట ఇదంతా తెచ్చిపెట్టిన పచ్చ నీళ్ల మాట. అది ఎండ వల్ల పెరిగే నాచు, చేపకు హాని లేదు. కిటికీ పక్క నుంచి తొట్టి జరిపి, లైటు రోజుకు ఏడెనిమిది గంటలకు తగ్గిస్తే క్రమంగా పోతుంది. ఇంకొక్కటి చెప్పక తప్పదు. మిగిలిన ఆ మూడు పెద్దయ్యాక వాటికే ఆ తొట్టి ఇరుకు. పోయిన ఐదింటి బదులు కొత్తవి కొనకండి.

ప్రశ్న: సార్, మాది అనంతపురం. నాలుగడుగుల తొట్టి. మే నెలలో ఓ రాత్రి నాలుగు గంటలు కరెంటు లేదు. పొద్దున చూస్తే మూడేళ్లు పెంచిన కోయి కార్ప్ రెండూ, సిల్వర్ షార్క్ పోయాయి. చిన్న బార్బ్‌లు, గౌరామి, సక్కర్ ఫిష్ మాత్రం ఏమీ కానట్టు తిరుగుతున్నాయి. ఎవరో నీళ్లలో ఏదో కలిపారని ఇంట్లో అనుమానం. విషమైతే అన్నీ పోవాలి కదా?

జవాబు: మీ అనుమానానికి మీ ప్రశ్నలోనే జవాబుంది. ఎవరూ ఏమీ కలపలేదు, ఊపిరాడక పోయాయి. పెద్ద చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి ముందు అదే పోతుంది, చిన్నవి నీళ్ల పైపొరకు వచ్చి నెట్టుకొస్తాయి. గౌరామికి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చే ఏర్పాటు తలలో ఉంది, ఫైటర్ చేపకూ అంతే. సక్కర్ ఫిష్ గాలి మింగి కడుపు గోడ ద్వారా ఆక్సిజన్ తీసుకోగలదు. పెద్దవి పోయి ఇవి మిగిలాయంటే, అదీ తెల్లవారుజామున జరిగిందంటే, నేను ఇంకో కారణం వెతకను. మొక్కలున్న తొట్టి అయితే రాత్రిపూట అవి కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది.

వేడి దీన్ని రెండు వైపులా బిగిస్తుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు, 35 డిగ్రీల దగ్గర 7కి పడిపోతుంది. తగ్గింది ఒక్క మిల్లీగ్రామే కదా అనిపిస్తుంది. కానీ అదే వేడికి చేప ఒంట్లో పని వేగం పెరిగి దానికి కావాల్సింది ఎక్కువవుతుంది. కోయి అసలే చల్లటి నీళ్ల చేప.

కరెంటు పోయిన వెంటనే చేయగలిగేది సులువు. తొట్టి మూత తీసేయండి. ఒక మగ్గుతో తొట్టి నీళ్లే తీసి అడుగు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోయండి, ఐదు నిమిషాలు, గంటకు రెండు మూడు సార్లు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ దొరుకుతుంది, కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యేది ఒకటి కొని పెట్టుకుంటే రాత్రి లేవాల్సిన పని లేదు. ఎండాకాలం తిండి సగం చేయండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి, అర లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి మూత బిగించి తేలనివ్వండి, గంటకు ఒకటి రెండు డిగ్రీల కంటే వేగంగా దించొద్దు. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పినా రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అలా చేస్తే నీళ్లు ఆవిరై తగ్గుతాయి, తగ్గినంత బోరు నీళ్లు పోస్తూ పోతే లవణాలు మాత్రం లోపలే పేరుకుంటాయి, కాబట్టి పైన పోసినంత మాత్రాన నీళ్లు మార్చినట్టు కాదు.

మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ నాలుగు గంటలు ఆగితే లోపలి నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి కుళ్లడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ నీళ్లన్నీ తొట్టిలోకి వస్తాయి. ముందు దాన్ని తెరిచి, వాసన చూసి, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి, తర్వాత పెట్టండి.

ప్రశ్న: అంకుల్, నేను కడపలో ఇంటర్ చదువుతున్నా. పది రోజుల కింద రెండు కొత్త మోలీలు తెచ్చి తొట్టిలో కలిపా. ఇప్పుడు అన్నిటి ఒంటి మీద, రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. మూడు పోయాయి. షాపువాళ్లు ఇచ్చిన మందు రెండు రోజులు వేస్తే చుక్కలు పోయాయి, ఆపేశా. వారానికి ఇంకా ఎక్కువ వచ్చాయి. మందు నకిలీదా?

జవాబు: నాయనా, మందు మంచిదే అయ్యుండొచ్చు, నువ్వు ఆపిన రోజు తప్పు. నీ వర్ణన చూస్తే ఇది వైట్ స్పాట్. కంటికి కనిపించే ఆ చుక్క చేప చర్మం కింద కూర్చున్న పరాన్నజీవి, ఆ దశలో దాని మీద మందు పనిచేయదు, చేప చర్మమే దానికి దుప్పటి. అది పండి రాలిపోతుంది. నువ్వు తగ్గిందనుకున్నది అప్పుడే. రాలినది రాళ్ల మధ్య గుల్ల కట్టుకుని లోపల వందల పిల్లలుగా చీలుతుంది, అవి బయటికొచ్చి ఈదుతూ చేపను వెతుక్కుంటాయి. మందు చంపగలిగేది ఆ ఈదే పిల్లల్నే. 25 డిగ్రీల నీళ్లలో ఈ చక్రం వారంలోపే తిరుగుతుంది, చలికాలం నీళ్లు చల్లబడితే ఇంకా సాగుతుంది. అందుకే చుక్కలు కనబడకుండా పోయాక కూడా వైద్యం నడవాలి, మొత్తం రెండు వారాలు అనుకో.

మోలీలైతే నేను ఉప్పు, వేడితోనే మొదలుపెడతాను. హీటరుతో రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీలకు తీసుకెళ్లు, గాలి ఎక్కువ పెట్టు. ఉప్పు లీటరుకు 2 గ్రాములు, ఒక్కసారే కాకుండా రోజున్నరలో మూడు విడతలుగా, కరిగించి. మోలీలకు ఉప్పంటే ఇష్టమే, కానీ తొట్టిలో సక్కర్, కోరిడోరస్ లాంటి పొలుసు లేని చేపలు, మొక్కలు ఉంటే సగంతో ఆగి చూడు. రోజూ పైపుతో రాళ్ల అడుగు నుంచి పావు వంతు నీళ్లు లాగేయి, గుల్లలు అక్కడే ఉంటాయి, లాగినంత మేరకు ఉప్పు కలిపిన నీళ్లు పోస్తూ ఉండు. మందే వాడాలనుకుంటే సీసా మీద రాసిన మోతాదు, రాసిన అన్ని రోజులు. మాలకైట్ గ్రీన్ ఉన్న మందు ఒంటికి తగలకూడదు, చేతులకు తొడుగు వేసుకో, చిన్నపిల్లలకు అందనీయకు.

రెండు పోలికలు గుర్తుపెట్టుకో. చుక్కలుగా కాకుండా నోటి చుట్టూ, వీపు మీద దూది అంటుకున్నట్టు తెల్లగా ఉంటే అది చాలాసార్లు బ్యాక్టీరియా రోగం, దానికి వేడి పెంచితే ఇంకా ముదురుతుంది, అప్పుడు హీటరు జోలికి పోవద్దు. గోల్డ్‌ఫిష్ పెంచేవాళ్లకేమో, మగ చేపకు మొప్ప మూత మీద, ముందు రెక్క అంచున మాత్రమే వరసగా తెల్ల బొడిపెలు వస్తే అది రోగమే కాదు, జత కట్టే కాలం వచ్చిందని గుర్తు. దానికి మందు వేసి చేపను చంపుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇకపై ఏ చేప తెచ్చినా మూడు వారాలు వేరే టబ్బులో, చిన్న స్పాంజి ఫిల్టర్ పెట్టి ఉంచు. ఆ టబ్బుకు వాడిన చేపలు పట్టే చిన్న వల తొట్టిలో పెట్టొద్దు. షాపు కవరులోని నీళ్లు తొట్టిలో పోయొద్దు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బోరు నీళ్లు, గ్లాసుకు తెల్లపొర పడుతుంది. చేపలకు మంచిది కాదని ఏడాదిగా ప్లాంటు క్యాన్ నీళ్లే పోస్తున్నా. తొట్టి అద్దంలా ఉంటుంది. మొన్న క్యాన్ రాలేదు, సగానికి సగం బోరు నీళ్లు మార్చా. రాత్రికి ఆరు మోలీలు పోయాయి. మా బోరు నీళ్లలో విషం ఉందా?

జవాబు: మీ బోరు నీళ్లకు పెద్ద తప్పు లేదు, మోలీ, గప్పీ, ప్లాటీ ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లలోనే బాగా బతుకుతాయి. తప్పు ఎక్కడంటే, ఆర్ఓ ప్లాంటు నీళ్లలో ఖనిజాలు చాలావరకు తీసేస్తారు. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా పనిచేసే కొద్దీ ఆమ్లం పుడుతుంది, దాన్ని తట్టుకునేవి నీళ్లలోని కార్బొనేట్లు, అవి అయిపోయాక పీహెచ్ జారిపోతుంది. మరీ జారితే బ్యాక్టీరియా పని మానేస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. ఆమ్లపు నీళ్లలో అది విషం లేని రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు నెలలు నెట్టుకొస్తాయి, మీకు ఏమీ తెలియదు. ఆ తొట్టిలోకి ఒక్కసారిగా సగం క్షారపు నీళ్లు పోశారు, పీహెచ్ ఎగబాకింది, పేరుకున్నదంతా గంటల్లో విషమైంది. నీళ్లు అద్దంలా ఉన్నాయనే మాట నన్ను ఎప్పుడూ భయపెడుతుంది. అమ్మోనియాకు రంగు లేదు.

మిగిలినవి ఉంటే, ఈ వారం రోజుకు ఒకటి రెండు మగ్గులే మార్చండి, ప్లాంటు నీళ్లు, బోరు నీళ్లు సగం సగం కలిపి. తిండి ఆపండి. నెలలో క్రమంగా పూర్తి బోరు నీళ్లకు వచ్చేయండి. బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కరిగిన వేరే వాయువులు ఎక్కువ ఉంటాయి, కాబట్టి వాటినీ ఒక రాత్రి బకెట్లో గాలి పెట్టి ఉంచాకే పోయాలి. మిద్దె మీద ట్యాంకులో బ్లీచింగ్ వేసి కడిగిన వారం అయితే అసలు ఆ నీళ్లు ముట్టొద్దు.

ప్రశ్న: అక్క వాళ్లింట్లో, కర్నూలులోనే, బొద్దింకలకు మందు కొట్టించారు. తొట్టి మూసే ఉంచారు. రెండు మూడు గంటల్లో అన్నీ వంకర్లు తిరుగుతూ పోయాయి. మూత ఉన్నా ఎలా?

జవాబు: ఎయిర్ పంప్ గదిలోని గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది. మూత వేసి పంప్ నడిపితే ఆ మందు ఆవిరిని నేరుగా చేపలకు పెట్టినట్టే. పురుగుల మందుల్లో, దోమల స్ప్రేల్లో, కాయిల్స్‌లో, ప్లగ్గుకు పెట్టే ద్రవాల్లో ఎక్కువగా వాడే పైరెథ్రాయిడ్ జాతి మందులు మనుషులకు అంత ప్రమాదం కావు కానీ చేపలకు, రొయ్యలకు చాలా విషం. మందు కొట్టే రోజు పంప్‌ను వేరే గదిలో పెట్టి పొడవు ట్యూబు లాగండి, లేదా కొట్టే అరగంట పంప్ ఆపి తొట్టిని తడి దుప్పటితో కప్పి, కిటికీలు తీసి గది బాగా గాలి ఆడాకే మళ్లీ పెట్టండి. వీధిలో దోమల పొగ బండి వచ్చినా ఇంతే. ఎప్పుడైనా తగిలిందని అనుమానం వస్తే వెంటనే సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో విషాన్ని పీల్చుకునే బొగ్గు, అంటే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి. తొట్టిలో చేయి పెట్టేముందు సబ్బు, శానిటైజర్, దోమల క్రీము లేకుండా మోచేతి దాకా నీళ్లతో కడుక్కోవాలి.

ప్రశ్న: చనిపోయిన చేపను చూసి కారణం తెలుసుకునే దారి ఏదైనా ఉందా? మిగిలిన సక్కర్ ఫిష్‌ను తుంగభద్రలో వదిలేద్దామనుకుంటున్నా, ఇక పెంచే ఓపిక లేదు.

జవాబు: ఉంది, కానీ పోయిన గంటలోపు చూడాలి, తర్వాత అన్నీ పాలిపోతాయి. చేపను తడి గుడ్డలో పట్టుకుని, పళ్లు కుట్టుకునే పుల్లతో మొప్ప మూత మెల్లగా ఎత్తి ఫోన్ లైటు వేయండి. ఆరోగ్యమైన మొప్ప దానిమ్మ గింజ రంగులో, విడివిడి పోగులుగా ఉంటుంది. చాక్లెట్ రంగులో ఉంటే నైట్రైట్ మీద అనుమానం, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చిందని అర్థం. వాచి, జిగురు కమ్మి, అంచులు కాలినట్టుంటే అమ్మోనియా లేదా క్లోరిన్. మొప్పలు బాగుండి ఒంటి మీద పుండ్లు, పొలుసులు పైకి లేవడం ఉంటే అప్పుడు రోగం గురించి ఆలోచించండి. నీళ్లు పారబోయకముందే ఒక సీసా నిండా పట్టి పెట్టుకోండి, కిట్‌తో చూడటానికి అదొక్కటే సాక్ష్యం.

సక్కర్‌ను మాత్రం తుంగభద్రలో గానీ, హంద్రీలో గానీ, కేసీ కాలువలో గానీ వదలొద్దు. దక్షిణ అమెరికా చేప అది, ఒంటికి కవచం ఉంటుంది, మన చేపలు దాన్ని తినలేవు, గాలి మింగి బురదలో కూడా బతుకుతుంది. మన నదుల్లో, చెరువుల్లో ఇప్పటికే చేరి జాలరుల వలలు చింపుతోంది. చేపల షాపులో ఊరికే ఇచ్చినా తీసుకుంటారు, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఎవరూ దొరక్కపోతే మీ ఊరి పేరు, చేప ఎన్ని అంగుళాలుందో ఈ శీర్షికకు రాయండి. వచ్చే నెల ఇక్కడే వేస్తాను, కర్నూలులో పెద్ద తొట్టి ఉన్న పాఠకులు చాలామందే ఉన్నారు.